యాళికి ఎవరి కాళ్లు పెట్టాలి?

గత సంచికలో నేను నీలం బాల్ పెన్నుతో గీసిన మకరం బొమ్మ అచ్చయింది. దాని కింద, మీరు గీసే ఊహా జంతువుల గురించి, పెన్నుతో మీకు ఎదురయ్యే చిక్కుల గురించి రాయమని అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో బడి పిల్లలవే ఎక్కువ. జిల్లా పరిషత్ పాఠశాలల్లో డ్రాయింగ్ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న దాన్ని కాబట్టి నోటుబుక్కు చివరి పేజీ విలువ నాకు బాగా తెలుసు. పిల్లలు అక్కడ గీసినంత ధైర్యంగా డ్రాయింగ్ షీటు మీద గీయరు. ఆ పేజీలు చింపి పంపిన అందరికీ కృతజ్ఞతలు. బొమ్మలన్నీ భద్రంగా తిరిగి పంపుతున్నాం.

*టీచర్ గారూ, నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. లెక్కల నోటుబుక్కు వెనక రెక్కల పులిని, గుర్రం తల ఉన్న చేపను, పాము తోక ఉన్న కోడిని గీశాను. బాగున్నాయి కానీ రెండు బొమ్మలు కత్తిరించి అతికించినట్టు ఉన్నాయని మా స్నేహితులు అంటున్నారు. ప్రాణమున్న జంతువులా కనిపించాలంటే ఏం చేయాలి?*
— ఒక విద్యార్థి, ములుగు జిల్లా

బాబూ, నీ పులి నా బల్ల మీదే ఉంది. ముఖం చక్కగా వచ్చింది. మీసాల దగ్గర పెన్ను ఒత్తిడి తగ్గించి వదిలిన తీరు చూస్తే నీ చెయ్యి మంచిదని తెలుస్తోంది. రెక్కలూ బాగున్నాయి, ఈకల వరసలు ఎక్కడా తప్పలేదు. కానీ ముఖానికీ రెక్కలకూ మధ్య ఉన్న వీపు పులిదీ కాదు, పక్షిదీ కాదు. అక్కడ నువ్వు రెండు గీతలు లాగి వదిలేశావు. నీ స్నేహితుల కన్ను పట్టుకున్నది ఆ చోటునే. ఊహా జంతువును గీసేటప్పుడు నీ శ్రమలో సగం ఆ అతుకు దగ్గరే ఖర్చు కావాలి.

ముందు ఎముకల సంగతి చూద్దాం. పక్షికి రెక్క అంటే చెయ్యే. అందులో భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ ఉంటాయి. ఇంట్లో కోడిని కోసేటప్పుడు రెక్క ఎక్కడెక్కడ మడత పడుతుందో, రొమ్ము కండ ఎంత దళసరిగా ఉంటుందో గమనించు. ఎగరడానికి పనికొచ్చే బలమంతా ఆ కండలోనే ఉంది. నీ పులికి నాలుగు కాళ్లు ఉండగానే రెక్కలు కూడా ఇచ్చావు కాబట్టి దానికి రెండో జత భుజాలు కావాలి. ముందు కాళ్ల భుజానికి కొంచెం వెనక, వీపు మీద ఒక ఉబ్బు చూపించు. రొమ్మును ఇంకాస్త లోతుగా కిందికి దించు. రెక్క పైకి లేస్తే ఆ పక్క చర్మం బిగుసుకుంటుంది, దానితోపాటు చారలు కూడా సాగుతాయి. ఈ మూడూ చేస్తే చూసేవారు రెక్కను నమ్ముతారు.

వెనక కాళ్లలో దాదాపు అందరూ ఒకే చోట తడబడతారు. కుక్కకు, గుర్రానికి, పులికి వెనక కాలిలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది. మీ వీధిలో కుక్క కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు చూస్తే వెంటనే తెలిసిపోతుంది. ఇది తెలిసిన వాడు యాళికి, అంటే గుళ్ల స్తంభాల మీద సింహం ఒంటికి ఇతర జంతువుల అవయవాలు కలిపి చెక్కే ఊహా జంతువుకు, ఏ కాళ్లు పెట్టినా అది నిలబడుతుంది.

తరువాత చర్మం. బొచ్చు ఎక్కడ ఆగి పొలుసు ఎక్కడ మొదలవుతుందో ప్రకృతిని అడగాలి. కోడి కాలు చూడు. తొడ మీద ఈకలు నిండుగా ఉంటాయి. కిందికి వస్తున్న కొద్దీ చిన్నవై, పలచబడి, ఒక చోట ఆగిపోతాయి. అక్కడి నుంచి పొలుసులు. గేదె కొమ్ము మొదట్లో వెంట్రుకలు పలచబడి చర్మం గట్టిపడుతుంది. తాబేలు మెడ డొప్పలోకి వెళ్లే చోట ముడతలు చూడు. తొండ మెడ దగ్గర పొలుసులు ముళ్లుగా మారే తీరు చూడు. నీ గుర్రపు చేపకు కావలసినదంతా వీటిలో ఉంది. జూలు వెంట్రుకలను మెడ కిందికి వచ్చే కొద్దీ పొట్టిగా గీస్తూ రా, చివరి వెంట్రుకలను కొద్దిగా వంచు, ఆ వంపునే పొలుసు అంచుగా మార్చు. అతుకు మీదుగా అడ్డంగా అవుట్‌లైన్ గీయకు. షేడింగ్ గీతలు తల మీద ఏ దిక్కుకు పోతున్నాయో అదే ఒరవడిలో ఒంటి మీదికి నడవాలి.

ఇంకొక మాట. మీ జిల్లాలోనే పాలంపేటలో రామప్ప గుడి ఉంది. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడికి వెళ్లిన వారంతా చూరు కింద మదనికల (నాట్య భంగిమల్లో నిలిచిన స్త్రీ శిల్పాల) దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుంటారు. నువ్వు వాటితోపాటే చూరును మోస్తున్నట్టు నిలిచిన గజవ్యాళాల దగ్గర ఆగు. ఏనుగునూ సింహాన్నీ కలిపిన రూపం అది. మొత్తం బొమ్మ గీయాలని కూర్చోకు. గొంతు నుంచి రొమ్ము దాకా, ఏనుగు ఎక్కడ సింహమవుతోందో ఆ భాగం మాత్రమే గీయి. నాలుగు పక్కల నుంచి గీయి. ఆ నల్లరాయి మీద పని చేసిన శిల్పి ఏ కండను ముందుకు తెచ్చాడో, ఏ ఆభరణాన్ని ఎక్కడ చుట్టాడో రాసుకో. గీసినవి నాకు పంపితే చాలా సంతోషిస్తాను.

*ముందు పెన్సిల్‌తో గీసుకుని దాని మీద బాల్ పెన్ను నడిపించవచ్చా? అలా చేస్తే అసలు కళాకారులు కారని నా మిత్రుడి వాదన.*
— డిగ్రీ విద్యార్థి, అనంతపురం

మీ మిత్రుడిని శ్రీకాళహస్తి తీసుకెళ్లండి. కలంకారీ పనివారు కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద ముందు కాల్చిన చింతపుల్ల బొగ్గుతో రూపురేఖలు వేసుకుంటారు. ఆ తరువాతే వెదురు కలం పడతారు. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టి తీసిన నల్ల రంగుతో గీసే ఆ గీతను ఇక చెరపడం కుదరదు. అంటే ఆలోచన బొగ్గుతో చేసి, నిర్ణయం కలంతో చేస్తారు. తరతరాలుగా అలా పని చేసిన వారిని కళాకారులు కారనే ధైర్యం నాకు లేదు, మీ మిత్రుడికీ ఉండకూడదు.

అయితే పెన్సిల్‌ను చాలా పలచగా వాడండి. గ్రాఫైట్ మందంగా ఉన్న చోట పెన్ను బంతి జారిపోయి సిరా సరిగా పట్టదు. పైగా తరువాత రబ్బరుతో రుద్దితే సిరా కూడా సాగి మరక అవుతుంది. నడుము వంపు, కాళ్లు ఎక్కడ నేలకు ఆనుతాయి, తల ఎత్తు, ఇంతవరకే పెన్సిల్ పని. వెంట్రుకలు, పొలుసులు, ఈకలు నేరుగా పెన్నుతోనే రావాలి. వాటిని ముందే పెన్సిల్‌తో గీసుకుంటే మీరు మీ బొమ్మకే నకలు తీస్తున్నట్టవుతుంది, ఆ బిగువు గీతలో కనిపించి తీరుతుంది.

*మేడమ్, ఇంటి పని అయ్యాక మధ్యాహ్నం గీసుకుంటాను. గండభేరుండం (రెండు తలల పక్షి) మెడల మీద ఈకలు ఎంతో ఓపికగా గీస్తుంటే హఠాత్తుగా పెన్ను ముద్దగా సిరా కక్కుతోంది. చెయ్యి తగిలి అలుక్కుపోతోంది. ఖరీదైన పెన్ను కొనాలా?*
— ఒక గృహిణి, తెనాలి

అవసరం లేదమ్మా. పెన్ను లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ముద్దలు దాదాపు పడవు.

బాల్ పెన్ను మొనలో చిన్న లోహపు గుండు ఉంటుంది. ఎక్కువగా టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేస్తారు, సాధారణంగా మిల్లీమీటరు గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటుంది. హంగరీకి చెందిన లాస్లో బీరో అనే పాత్రికేయుడు 1938లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. గుండు తిప్పడం ఒక్కటే సరిపోలేదు, దానికి తగిన చిక్కటి సిరా కావలసివచ్చింది. ఆ సిరా తయారీలో ఆయన సోదరుడు సాయపడ్డాడు. ఆ చిక్కదనమే మీకు వరం, చిక్కూ అదే. గుండు తిరుగుతుంటే కాగితానికి అంటని సిరా కొంత మొన అంచు చుట్టూ పేరుకుంటుంది. మీరు గీత దిక్కు మార్చగానే ఆ పేరుకున్నదంతా ఒక్కసారిగా కాగితం మీదికి దిగుతుంది. ఈకలు గీసేటప్పుడు ప్రతి గీతకూ దిక్కు మారుతుంది కాబట్టి మీకు అక్కడే ఎక్కువగా పడుతోంది.

పక్కన ఒక చిత్తు కాగితం పెట్టుకోండి. కొన్ని ఈకలు గీయగానే మొనను దాని మీద తిప్పుతూ తుడవండి. ఇది అలవాటైపోతే చెయ్యి తనంతట తానే చేస్తుంది. అరచేతి కింద ఇంకో కాగితం ఉంచి, బొమ్మకు చెయ్యి తగలకుండా గీయండి. పెన్నును మరీ వాల్చి పట్టుకోవద్దు, గుండును పట్టి ఉంచే లోహపు అంచు కాగితాన్ని గీరుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని పెన్నును పైకి పట్టి గీసినా సిరా మొన దాకా రాక కాసేపటికే ఆగిపోతుంది.

ముద్ద పడనే పడిందా, వేలితో తుడవకండి. మెత్తటి కాగితం మూలను దానికి ఆనించి ఎత్తేయండి. మిగిలిన చుక్క చుట్టూ ఇంకో రెండు ఈకల నీడను ముదురు చేయండి.

ఖరీదు సంగతి కూడా చెబుతాను. జెల్ పెన్నులో నీటి సిరా ఉంటుంది. ఎంత మెల్లగా ఆనించినా దాదాపు ఒకే ముదురు గీత పడుతుంది. బాల్ పెన్ను అలా కాదు. బరువు తీసేసి ఆడిస్తే పొగ లాంటి లేత నీలం, నొక్కితే రాత్రి లాంటి నీలం. ఒకే రీఫిల్‌లో ఇన్ని ఛాయలు దొరకడమే ఊహా జంతువుకు కావలసినది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల జేబుల్లో తెల్లటి ఒళ్లు, నీలం మూత ఉన్న రేనాల్డ్స్ పెన్నులు ఉండేవి. ఆ కోవకు చెందిన మామూలు పెన్ను చాలు. నునుపైన కాగితం మాత్రం ఎంచుకోండి. గరుకు డ్రాయింగ్ షీటు మీద లేత గీత తెగిపోతుంది. షీటు కింద నాలుగైదు పాత కాగితాలు మెత్తగా పరిస్తే ఒత్తిడి మీ చెప్పుచేతల్లో ఉంటుంది.

*మా అమ్మాయికి పదకొండేళ్లు. నోటుబుక్కుల నిండా డ్రాగన్లే. మన పురాణ జంతువులను గీయమంటే ఆసక్తి చూపించదు. ఎలా మళ్లించాలి?*
— ఒక తండ్రి, డాలస్

మళ్లించవద్దని నా మనవి. డ్రాగన్‌ను అంత ప్రేమగా గీస్తున్న పిల్ల చేతిలో నుంచి దాన్ని తీసేస్తే, బదులుగా మీరిచ్చిన జంతువు మీద ఇష్టం పుట్టదు. డ్రాగన్ పక్కన ఇంకొకదాన్ని నిలబెట్టండి. మకరం చూపించండి. మొసలి దవడలు, ఏనుగు తొండం, చేప ఒళ్లు, కొన్ని చోట్ల నెమలి ఈకల్లా విచ్చుకున్న తోక. గంగమ్మకు, వరుణుడికి వాహనం. వరంగల్ కోటలోని కాకతీయ తోరణాల ఫొటోలు తెరిచి అందులో మకరాన్ని వెతకమనండి. వెతకడం పిల్లలకు నచ్చుతుంది. తరువాత ఈ మకరమూ నీ డ్రాగనూ ఎదురుపడితే ఎవరు ముందు నోరు తెరుస్తారని అడిగి, పెన్ను ఆమె చేతికి ఇచ్చి మీరు అవతలికి వెళ్లండి.

ఇద్దరూ కలిసి చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. 1515లో గుజరాత్ సుల్తాను పంపిన ఖడ్గమృగం ఓడలో పోర్చుగల్‌లోని లిస్బన్‌కు చేరింది. జర్మనీలో ఉన్న ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ అనే చిత్రకారుడు దాన్ని కళ్లతో చూడలేదు. ఎవరో రాసిన వర్ణన, చిన్న స్కెచ్చు ఆధారంగా కలంతో గీసి, ఆ తరువాత చెక్క అచ్చు తీశాడు. దాని ఒంటికి రేకులు బిగించిన కవచం వచ్చింది, భుజాల మధ్య లేని చిన్న కొమ్ము మొలిచింది. ఐరోపాలో చాలా కాలం ఖడ్గమృగమంటే అదే. నా దృష్టిలో ఆ బొమ్మకు ప్రాణం ఆ అదనపు కొమ్ములోనే ఉంది. విన్న మాటను చెయ్యి ఎలా పూరించుకుంటుందో అక్కడ కనిపిస్తుంది.

మీరు కూడా మీ ఊళ్లో చూసిన, అమ్మాయి చూడని జంతువును పేరు చెప్పకుండా వర్ణించండి. ఉడుము, ముంగిస, అలుగు, ఏదైనా సరే. చెట్టు మీద నుంచి ఎలా దిగేది, తోక ఎలా ఈడ్చేది, చప్పుడు వింటే ఏం చేసేది, అన్నీ తెలుగులోనే చెప్పండి. ఆమె వింటూ గీయాలి. ఫోనులో ఫొటో వెతకడం బొమ్మ పూర్తయ్యాకే. నానమ్మ, అమ్మమ్మ వీడియో కాల్‌లో వర్ణిస్తే ఇంకా మంచిది, మీరు మరిచిపోయిన వివరాలు వారికి గుర్తుంటాయి.

*అమ్మా, శిల్పశాస్త్రంలో ప్రతి రూపానికీ లక్షణాలు, కొలతలు ఉన్నాయి. బాల్ పెన్నుతో ఇష్టం వచ్చిన తలకు ఇష్టం వచ్చిన తోక తగిలించమని పిల్లలకు చెప్పడం సబబేనా?*
— విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు, రాజమహేంద్రవరం

నమస్కారమండీ. మీ ప్రశ్నను ఎంతో గౌరవంతో స్వీకరిస్తున్నాను. పూజకు నిలిపే రూపం విషయంలో మీరన్నది నిజం. అక్కడ లక్షణం తప్పకూడదు. నేను కూడా ఉగ్రనరసింహుడి ముఖం మార్చి గీయమని ఏ పిల్లవాడికీ చెప్పను. కానీ గుడిలో అన్ని రాళ్లూ గర్భాలయంలో లేవు కదా. స్తంభాల మీద, మెట్ల పక్కన, చూరు కింద శిల్పి ఆటకు ఎంతో చోటు ఉంది. లేపాక్షిలో ఒకే ఒంటికి మూడు తలలున్న ఎద్దు ఉంది. ఏ తలను విడిచి మిగతావి చేత్తో మూస్తే ఆ ఎద్దు ఆ భంగిమలో ఉన్నట్టు కనిపిస్తుంది. తమిళనాడులోని దారాసురంలో ఎద్దుకూ ఏనుగుకూ కలిపి ఒకే తల చెక్కారు. ఒక పక్క ఒళ్లు మూస్తే ఎద్దు, రెండో పక్క మూస్తే ఏనుగు. భక్తి ఉన్న చేతులే ఈ ఆటా ఆడాయి.

కవుల విషయమూ అంతే. 15వ శతాబ్దపు ఒడియా కవి సారళాదాసు తన మహాభారతంలో అర్జునుడి ఎదుట నవగుంజరాన్ని నిలబెట్టాడు. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహపు నడుము, పాము తోక, తలా ఒక జంతువు నుంచి వచ్చిన కాళ్లు, నాలుగో కాలి చోట మనిషి చెయ్యి. వ్యాసభారతంలో ఈ జంతువు లేదు. అయినా ఒడిశా పటచిత్రకారులు దాన్ని తమదిగా చేసుకున్నారు, గంజిఫా పేక ముక్కల మీద కూడా వేశారు. అర్జునుడు విల్లు ఎక్కుపెట్టి, ఆ మనిషి చేతిని చూసి ఆగుతాడు. కల్పన చేసిన కవి అంత బాధ్యతతో చేశాడు. నేను పిల్లలను అడిగేదీ అదే. ఈ కాలు ఈ జంతువుకు ఎందుకు, ఇది ఏం తింటుంది, ఎక్కడ నిద్రపోతుంది, ఎవరికి భయపడుతుంది? జవాబు చెప్పగలిగితే గీయవచ్చు. మీవంటి పెద్దలు ఆ పిల్లలకు సింహమూ పక్షీ కలిసిన శరభం కథ, పాలకడలిలో పుట్టిన గుర్రం ఉచ్చైశ్రవం కథ చెబితే వారి జవాబులు ఇంకా బాగుంటాయి.

*మా అబ్బాయి గీసిన బొమ్మను ఫ్రేము కట్టించి కిటికీ ఎదురుగా పెట్టాను. ఏడాది తిరిగేసరికి నీలం వెలిసి గులాబీ ఛాయకు వస్తోంది. లామినేషన్ చేయిస్తే ఆగుతుందా?*
— ఒక తల్లి, కరీంనగర్

ఆగదమ్మా. మామూలు బాల్ పెన్ను సిరాలో ఉండేవి ఎక్కువగా అద్దకపు రంగుల వంటివి, వెలుతురుకు విరిగిపోతాయి. అన్నీ ఒకే వేగంతో పోవు కాబట్టి ఛాయ మారుతుంది. లామినేషన్ వేడికి సిరా పాకే ప్రమాదం కూడా ఉంది. మెత్తటి ప్లాస్టిక్ కవరుల్లోనూ పెట్టవద్దు, కొన్నాళ్లకు సిరా కవరుకు అంటుకుంటుంది. బొమ్మను ఈ రోజే మంచి స్కానర్‌తో స్కాన్ చేయించండి. గోడకు ఆ ప్రింటు పెట్టి, అసలు బొమ్మను కాగితాల మధ్య బీరువాలో దాచండి. ఇకపై దాచుకోదగ్గ బొమ్మలు గీసేటప్పుడు వెలుతురుకు వెలవదని పెట్టె మీద రాసి ఉన్న సిరా పెన్ను వాడమనండి.

*ఫైన్ ఆర్ట్స్ కోర్సుకు దరఖాస్తు చేస్తున్నాను. బొమ్మల్లో ఎక్కువ భాగం బాల్ పెన్నువే. వీటిని చిన్నచూపు చూస్తారని భయంగా ఉంది.*
— ఒక విద్యార్థిని, హైదరాబాదు

భయపడకమ్మా. ఇటలీకి చెందిన అలిగియెరో బోయెట్టి 1970లలో పెద్ద పెద్ద కాగితాలను బాల్ పెన్ను గీతలతో నింపించిన పనులు ఈ రోజు మ్యూజియంలలో ఉన్నాయి. సియోల్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన ఇల్ లీ దశాబ్దాలుగా బాల్ పెన్నునే తన ప్రధాన సాధనం చేసుకున్నాడు. నీ పెన్నును ఎవరూ ప్రశ్నించకపోవచ్చు. నీ పరిశీలనను మాత్రం తప్పకుండా ప్రశ్నిస్తారు. అందుకే పూర్తయిన యాళి బొమ్మతోపాటు దానికోసం గీసిన కుక్క కాళ్లు, కోడి గోళ్లు, గేదె మెడ స్కెచ్చులు కూడా ఫైలులో పెట్టు. తడబడిన పేజీలను తీసేయకు. ఆ యాళి ఎక్కడి నుంచి వచ్చిందో వారికి ఆ పేజీలే చెబుతాయి.

*నాది ఎడమ చేతి వాటం. గీసిందంతా చేతికి అంటుకుని బొమ్మంతా మసకబారుతోంది.*
— ఏడో తరగతి విద్యార్థిని, శ్రీకాకుళం

తల్లీ, నీ జంతువు తలను కాగితానికి కుడి పక్కన పెట్టి, కుడి నుంచి ఎడమకు పని నడిపించు. తల అయ్యాక మెడ, మెడ అయ్యాక ఒళ్లు, చివరికి తోక. అప్పుడు నీ చెయ్యి ఎప్పుడూ ఖాళీ కాగితం మీదే ఉంటుంది. బాగా నొక్కి నలుపు తెప్పించాల్సిన చోట్లు, కంటి పాప, నోటి లోపలి భాగం, గోళ్ల కింద నీడ, అన్నిటికంటే చివర వేసి, రాత్రంతా ఆరనిచ్చి మరునాడు నోటుబుక్కు ముయ్యి.